సైంటాలజీ ఆడిటింగ్‌లో మాటల పద్ధతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆడిటింగ్ అంటే ఏమిటి? లెక్కల తనిఖీకీ దీనికీ సంబంధం ఉందా?

లేదు. సైంటాలజీ అనే ఆధునిక మతోద్యమంలో ఒకరు వరసగా ప్రశ్నలు వేస్తుంటే, ఎదుటివారు తమ గతాన్ని తరచి చూసుకుని జవాబు చెప్పే ఏర్పాటుకు ఆడిటింగ్ అని పేరు. ఆడిటర్ అనే మాటను అక్కడ 'వినేవారు' అనే పాత లాటిన్ అర్థంలో వాడతారు. ఒక్కో విడతను సెషన్ అంటారు. బయటివారికి అర్థం కావడానికి కౌన్సెలింగ్ అని చెబుతుంటారు గానీ, లోపలికి వెళ్లి చూస్తే మనకు తెలిసిన కౌన్సెలింగ్‌తో పోలికలు తక్కువ.

ఈ పద్ధతిని రూపొందించినవాడు అమెరికా రచయిత ఎల్. రాన్ హబ్బర్డ్ (1911–1986). 1950 మే నెలలో వెలువడిన 'డయనెటిక్స్' పుస్తకంతో ఇది మొదలైంది. 1953 డిసెంబరులో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, కామ్‌డెన్‌లో 'చర్చ్ ఆఫ్ సైంటాలజీ' నమోదయింది. అప్పటినుంచి ఇది మానసిక చికిత్స కాదు, మతాచారం అన్నది చర్చి వాదన. ఆ వాదన మీద కోర్టుల్లో జరిగిన పోరాటాలు ఇక్కడ మన విషయం కాదు. గదిలో ఇద్దరి మధ్య మాట ఎలా నడుస్తుందన్నదే విషయం.

మొదటినుంచీ ఇలాగే ఉండేదా?

ఉండేది కాదు. 1950లో ప్రీక్లియర్, అంటే జవాబులు చెప్పే మనిషి, పడుకుని కళ్లు మూసుకునేవాడు. ఆడిటర్ అంకెలు లెక్కపెట్టేవాడు. ఆ తర్వాత ఒక హామీ ఇచ్చేవాడు: ఇకముందు 'రద్దు' అనే మాట నేను పలికితే, ఈ సెషన్‌లో నేను చెప్పిన ఏ మాటకూ మీ మీద బలం ఉండదు అని. దాన్ని 'క్యాన్సెలర్' అనేవారు. ఆడిటర్ మాటలు పొరపాటున ఆదేశాలుగా మనసులో నాటుకుపోతాయేమోనన్న భయం ఆ ఏర్పాటులోనే కనిపిస్తుంది. హిప్నాటిజం నీడ అప్పటికే దాని మీద ఉందన్నమాట. తర్వాతి కాలంలో పడక పోయి బల్ల వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. కళ్లు తెరిచే ఉంటాయి. మధ్యలో మీటరు, అంటే 'ఈ-మీటర్' అనే విద్యుత్ పరికరం, ఉంటుంది.

ప్రీక్లియర్ ఎవరు? గదిలో ఇంకెవరైనా ఉంటారా?

సెషన్ తీసుకునే వ్యక్తి ప్రీక్లియర్, పొట్టిగా 'పీసీ'. పాత చేదు జ్ఞాపకాల పట్టు వదిలిన 'క్లియర్' అనే స్థితికి ఇంకా చేరనివారని అర్థం. ఆ స్థితి దాటినవారిని 'ప్రీ ఓటీ' అంటారు. ఓటీ, అంటే 'ఆపరేటింగ్ థీటన్', దానికన్నా పై స్థితి.

గదిలో ఉండేది ఇద్దరే. కానీ సెషన్‌ను నడిపే మూడో మనిషి ఒకరున్నారు, కేస్ సూపర్‌వైజర్. 'సీఎస్' అంటారు. ప్రీక్లియర్‌కు ఆయన సాధారణంగా ఎదురుపడరు. ఆడిటర్ రాసిన కాగితాలు చదివి, తర్వాతి సెషన్‌లో ఏ ప్రశ్నలు నడపాలో రాసి పంపుతారు. ఆడిటర్ సొంత బుద్ధితో దారి మార్చకూడదు. సెషన్ ముగిశాక ప్రీక్లియర్ 'ఎగ్జామినర్' దగ్గరికి వెళతారు. అక్కడ మీటరుకు కలిపిన లోహపు డబ్బాలను మళ్లీ చేతుల్లో పట్టుకుంటారు. ఎగ్జామినర్ ప్రశ్నలేమీ వేయరు. ప్రీక్లియర్ ఏమైనా చెబితే రాసుకుని, మీటరు చూసి, ధన్యవాదాలు చెప్పి పంపేస్తారు. మన కష్టం విన్న మనిషి ఒకరు, దాని మీద నిర్ణయం తీసుకునే మనిషి మరొకరు. ఈ ఏర్పాటును గమనించకపోతే మిగతాది సగమే అర్థమవుతుంది.

సెషన్ ఎలా మొదలవుతుంది?

ముందు చిన్న చిన్న పరీక్షలు. సరిగా నిద్రపోయారా, భోజనం చేశారా అని అడుగుతారు. అలసిపోయినవారికి, ఆకలితో ఉన్నవారికి సెషన్ ఇవ్వరాదని నియమం. డబ్బాలను ఒకసారి పిండమంటారు, మీటరు సూది ఎంత కదులుతుందో సరిచూసుకోవడానికి. ఇవాళ ఏం చేయబోతున్నామో రెండు ముక్కల్లో చెబుతారు. దీన్ని 'ఆర్ ఫ్యాక్టర్' అంటారు. ఆ తర్వాత 'ఇదే సెషన్' అని ఆడిటర్ స్థిరంగా, ఎలాంటి తడబాటూ లేకుండా ప్రకటిస్తారు. అంతవరకు ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకుంటున్నారు. ఆ మాటతో మామూలు కబుర్లు ఆగిపోతాయి.

అసలు పని కన్నా ముందు 'రూడిమెంట్స్' అనే మూడు ప్రశ్నలుంటాయి. వాడుకలో 'రడ్స్'. ఏదైనా ఏఆర్‌సీ బ్రేక్ ఉందా? ప్రస్తుతం వేధిస్తున్న సమస్య ఏదైనా ఉందా? దాచిన విషయమేదైనా ఎవరికైనా దొరకబోయి తప్పిపోయిందా? మనసు మరోచోట చిక్కుకుని ఉండగా లోతైన ప్రశ్నలు వేసి లాభం లేదని దీని వెనక ఆలోచన. ఆ మేరకు అది ఇంగితజ్ఞానమే.

ఏఆర్‌సీ బ్రేక్ అంటే?

ఏఆర్‌సీ అంటే అఫినిటీ, రియాలిటీ, కమ్యూనికేషన్. ఆత్మీయత, ఇద్దరికీ ఒప్పుదలైన వాస్తవం, మాట. మూడూ కలిస్తే అవగాహన కలుగుతుందనీ, ఒకటి పెరిగితే మిగతా రెండూ పెరుగుతాయనీ హబ్బర్డ్ సిద్ధాంతం. వీటిలో ఏది తెగినా వచ్చే కలతే ఏఆర్‌సీ బ్రేక్. సైంటాలజిస్టులు ఇంట్లో కూడా 'నాకు ఏఆర్‌సీ బ్రేక్ అయింది' అంటారు, మనం 'మనసు నొచ్చుకుంది' అన్నట్టు.

సెషన్‌లో మాత్రం దాన్ని అలా వదిలేయరు. తెగింది ఆత్మీయతా, వాస్తవమా, మాటా, అవగాహనా అని ఒక్కొక్కటే చదువుతూ సూది ఎక్కడ కదిలిందో చూస్తారు. తర్వాత అది ఆసక్తి కొద్దీ అడిగినదా, కోరుకున్నదా, బలవంతంగా రుద్దినదా, అణచిపెట్టినదా, అసలు లేనిదా, నిరాకరించినదా అని మరో వరస. అప్పటికీ తేలిక పడకపోతే 'ఇంతకుముందు ఇలాంటిదే మరొకటి జరిగిందా?' అని అడుగుతారు. అది కూడా సరిపోకపోతే ఇంకా ముందు, ఇంకా ముందు. ఈ తాడు పట్టుకుని వెనక్కి వెళ్లేవారు బాల్యం దాటి గతజన్మల సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆడిటర్ వాటిని కాదనరు. నిజమేనని కూడా అనరు. రాసుకుంటారు.

'కమ్యూనికేషన్ సైకిల్' అనే మాట తరచుగా వినిపిస్తుంది. అందులో ఏముంది?

ఈ పద్ధతికి వెన్నెముక అదే. హబ్బర్డ్ లెక్కలో మాట ఒక బిందువు నుంచి బయలుదేరి, దూరం దాటి, మరో బిందువును చేరాలి. మొదటిది 'కాజ్', రెండోది 'ఎఫెక్ట్'. పంపేవారికి ఉద్దేశం ఉండాలి, ఇద్దరికీ ధ్యాస ఉండాలి, పంపినది పంపినట్టుగా అవతల తిరిగి రూపుకట్టాలి. ఆ చివరిదాన్ని 'డూప్లికేషన్' అంటారు. దానితోపాటు అవగాహన కూడా కలగాలి.

గదిలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. తొలి మెట్లలో వాడే ఒక ప్రశ్న: 'నాతో దేని గురించి మాట్లాడటానికి మీరు సిద్ధంగా ఉన్నారు?' ఆడిటర్ అడిగి ఊరుకుంటారు. ప్రీక్లియర్ కిటికీ వైపో నేల వైపో చూస్తారు. ఆడిటర్ మాత్రం వారినే చూస్తుంటారు. సాయంగా మరో మాట అందించరు, ప్రశ్నను వేరే మాటల్లో మార్చి చెప్పరు. కాసేపటికి 'మా అన్నయ్య గురించి' అని జవాబు వస్తుంది. 'మంచిది. దాని గురించి ఏం చెప్పాలనుకుంటున్నారు?' చెప్పాల్సినంతా చెప్పాక, 'ధన్యవాదాలు'. ఒక చక్రం పూర్తయింది. మళ్లీ మొదటి ప్రశ్న, అక్షరం మారకుండా. ఇలా పదిసార్లు, నలభైసార్లు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ.

చెప్పినది చేరిందని తెలిపే ఆ చిన్న మాటే 'అక్నాలెడ్జ్‌మెంట్'. దాని పని మెచ్చుకోవడం కాదు, చక్రాన్ని మూసేయడం. చెప్పిందే చెబుతూ ఉండేవారు అలా చేసేది, తమ మాట అవతలికి చేరిందని ఎవరూ ఎప్పుడూ తెలియజేయకపోవడం వల్లేనని హబ్బర్డ్ వాదన. ఇందులో నిజం పాలు లేకపోలేదు. ఇంట్లో ఒకే ఫిర్యాదు ఏళ్ల తరబడి వినేవారు ఒకసారి పూర్తిగా విని 'విన్నాను' అని చెప్పి చూడవచ్చు. అయితే చక్రం మూయడం మనిషిని మూయడానికి కూడా పనికొస్తుంది. సైంటాలజీ నుంచి బయటికి వచ్చినవారు కొందరు, తాము లేవనెత్తిన అనుమానాలకు జవాబు రాలేదనీ, చక్కటి 'ధన్యవాదాలు' మాత్రం వచ్చిందనీ చెబుతుంటారు.

టీఆర్‌లు అంటే ఏమిటి? అవి ఎలా చేయిస్తారు?

టీఆర్ అంటే ట్రెయినింగ్ రొటీన్. ఆడిటర్‌ను తయారుచేసే కసరత్తులు ఇవి. ఇద్దరు విద్యార్థులు జంటగా కూర్చుంటారు. ఒకరు కోచ్, ఒకరు విద్యార్థి, తర్వాత స్థానాలు మారతాయి. 'స్టార్ట్' అంటే మొదలు, తప్పితే 'ఫ్లంక్', ముగించడానికి 'దట్స్ ఇట్'. ఫ్లంక్ అన్నాక ఏ తప్పు జరిగిందో చెప్పి మళ్లీ మొదటినుంచి.

అన్నిటికన్నా ముందు కళ్లు మూసుకుని ఎదురెదురుగా కూర్చోవడం. ఏమీ చేయకుండా ఉండటమే పని. తర్వాత టీఆర్ 0: కళ్లు తెరిచి ఎదుటివారిని చూస్తూ కదలకుండా ఉండాలి. నవ్వకూడదు, కుర్చీలో సర్దుకోకూడదు, మొహం చిట్లించకూడదు. దీన్ని 'కన్‌ఫ్రంట్' చేయడం అంటారు. ఆ మాటకు అక్కడ తలపడటం అనే అర్థం లేదు. తప్పించుకోకుండా హాయిగా ఎదుట ఉండగలగడం అని. గంటల తరబడి సాగుతుంది. ఆ పైన 'బుల్‌బెయిట్': కోచ్ ఏదైనా అనవచ్చు, వెక్కిరించవచ్చు, బూతులాడవచ్చు, మొహం దగ్గరికి వచ్చి గంతులు వేయవచ్చు. విద్యార్థి ఎక్కడ చలిస్తే ఆ చోటును 'బటన్' అంటారు. అది పనిచేయడం మానేసేదాకా అదే నొక్కుతారు.

టీఆర్ 1లో 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' అనే పిల్లల నవల నుంచి ఏదో ఒక వాక్యం తీసుకుని, అది తన సొంత మాటేనన్నట్టు కోచ్‌కు అందేలా చెప్పాలి. ఆలిస్ ఎందుకంటే, ఆ వాక్యాలకు సందర్భం ఉండదు కాబట్టి చెప్పే తీరు మాత్రమే పరీక్షకు నిలుస్తుంది. టీఆర్ 2లో కోచ్ చదివే వాక్యానికి చక్రం ముగిసేలా బదులివ్వాలి. దానికి తోకగా రెండున్నర నంబరు టీఆర్ ఒకటుంది. అది మనం ఊఁ కొట్టడం లాంటిది, 'ఆపకండి, చెప్పండి' అని తెలపడం. ఈ రెండింటి తేడా తెలియనివారు ఎదుటివారి మాటను మధ్యలో తుంచేస్తారు.

టీఆర్ 3లో 'పక్షులు ఎగురుతాయా?', 'చేపలు ఈదుతాయా?' అని అడుగుతూ పోవాలి. కోచ్ జవాబివ్వకుండా మాట తప్పిస్తే 'ప్రశ్నను మళ్లీ అడుగుతాను' అని చెప్పి, అదే ప్రశ్న. ప్రతిసారీ కొత్తగా, అప్పుడే పుట్టిన ప్రశ్నలా అడగాలి, విసుగు వినిపించకూడదు. ఇవన్నీ నేర్చుకున్నవారికి కూడా కష్టమైనది టీఆర్ 4. ప్రశ్నతో సంబంధం లేకుండా ప్రీక్లియర్ తనంతట తాను ఏదో అంటారు. గది పెద్దదైనట్టుందనో, తల బరువుగా ఉందనో, మీ మాట నాకు నచ్చలేదనో. దీన్ని 'ఆరిజినేషన్' అంటారు. దాన్ని పట్టించుకోకపోతే తప్పు, దాని వెంట పడిపోయినా తప్పు. అర్థం చేసుకోవాలి, విన్నట్టు తెలపాలి, కలత ఉంటే తీర్చాలి, తిరిగి పాత ప్రశ్నకు తీసుకురావాలి. వినడం మీద ఎవరు ఏ పాఠం రాసినా ఈ నాలుగు మెట్లకు పెద్దగా కలపాల్సింది ఉండదు.

దీనికి పైన మరో వరస కసరత్తులుంటాయి, వాటి స్వరం వేరు. ఒకదానిలో కుర్చీ మీద యాష్‌ట్రే పెట్టి, 'లేచి నిలబడు' అని దాన్ని ఆజ్ఞాపించాలి. చేతితో తనే పైకెత్తి, 'ధన్యవాదాలు' చెప్పాలి. 'ఆ కుర్చీలో కూర్చో' అని మళ్లీ దించి, మళ్లీ 'ధన్యవాదాలు'. ఒక దశలో గొంతు చించుకుని అరవాలి కూడా. ఆజ్ఞ నెరవేరుతుందా అనే సందేహం లేశమైనా లేకుండా పలకడాన్ని 'టోన్ 40' అంటారు. వినడం నేర్పిన బడిలోనే ఆజ్ఞాపించడమూ నేర్పుతారు. విమర్శకులు ఈ రెండో సగాన్ని చూపిస్తారు, అభిమానులు మొదటి సగాన్ని.

టీఆర్ 0 చేస్తుంటే ఎదుటి మొహం మారిపోతుందని, శరీరం బయట ఉన్నట్టనిపిస్తుందని అంటారు. నిజమేనా?

అనుభవం నిజమే. కారణం మీదే పేచీ. ఒకే బిందువు మీద చూపు నిలిపితే చుట్టూ ఉన్నవి వెలిసిపోతాయని స్విట్జర్లాండ్ వైద్యుడు ఇగ్నాజ్ ట్రాక్స్‌లర్ 1804లోనే రాశాడు. మసక వెలుతురులో ఎవరి మొహాన్నయినా కదలకుండా చూస్తూ ఉంటే అది వంకరపోతుంది, కొత్త మొహంగా తోస్తుంది. దానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. కోర్సు గదిలో మాత్రం అది ఆత్మకు, అంటే 'థీటన్'కు, సామర్థ్యం పెరుగుతున్న గుర్తుగా అర్థం చేసుకుంటారు.

ఆడిటర్ సలహా ఇవ్వరా?

ఇవ్వరు, ఇవ్వకూడదు. 'ఆడిటర్స్ కోడ్' అనే నియమావళిలో మొట్టమొదటి మాట ఇదే: ప్రీక్లియర్ తన గురించి ఏమనుకోవాలో ఆడిటర్ చెప్పరాదు. దీన్ని ఉల్లంఘిస్తే 'ఇవాల్యుయేషన్'. రెండోది 'ఇన్‌వాలిడేషన్': ప్రీక్లియర్ చెప్పినదాన్నిగానీ, పొందిన మేలునుగానీ తీసిపారేయకూడదు. సెషన్‌లో కోపగించుకోకూడదు. చెప్పిన రహస్యాలను శిక్షకో సొంత లాభానికో వాడకూడదు.

ఒకటి గమనించాలి. ఆడిటర్ నోటితో ఏ అభిప్రాయమూ చెప్పరు. కానీ ఏ ప్రశ్న అడగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. 'దాచినదేమైనా ఉందా?' అని అడగడంలోనే దాచినది ఉంటుందనే అభిప్రాయం ఉంది. సూది కదిలినప్పుడు 'అదే... అక్కడ' అని సూచించడం కూడా నియమబద్ధమే. అభిప్రాయం మనిషిలో లేదు సరే, అడిగే ప్రశ్నలోనే నిండి ఉంది.

సెషన్‌లో వినిపించే మరికొన్ని మాటలు చెబుతారా?

కామ్ లాగ్: ప్రశ్నకూ, ఆ ప్రశ్నకే వచ్చిన అసలు జవాబుకూ మధ్య గడిచే కాలం. మధ్యలో ఎంత మాట్లాడినా అది జవాబు కాకపోతే లాగ్‌లోనే లెక్క. ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఈ ఆలస్యం తగ్గి స్థిరపడుతుంది. అప్పుడు ఆ ప్రక్రియ 'ఫ్లాట్' అయిందంటారు. అక్కడ ఆపకుండా సాగదీస్తే 'ఓవర్‌రన్'.

ఇట్సా: ప్రీక్లియర్ తనలో చూసినదాన్ని 'ఇది ఫలానా' అని గుర్తించి చెప్పడం. 1963 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. ఇట్సా నడుస్తుండగా ఆడిటర్ నోరు తెరవకూడదు, కాగితం మీద పెన్ను చప్పుడు కూడా అడ్డే.

క్యూ అండ్ ఏ: ఇది తప్పుకు పేరు. ప్రీక్లియర్ జవాబులో కొత్త విషయం వినగానే అడిగిన ప్రశ్నను వదిలేసి దాని వెంట పడటం. ఆత్మీయులతో మాట్లాడేటప్పుడు మనమంతా చేసేది ఇదే, దాన్నే సంభాషణ అంటాం. ఇక్కడ అది నేరం.

కాగ్నిషన్: ప్రీక్లియర్‌కు తనంతట తనకు తట్టిన ఎరుక. 'ఓహో, అందుకా!' అనిపించే క్షణం. నాటర్: అదేపనిగా వంకలు పెట్టడం. బ్లో: సెషన్ నుంచిగానీ సంస్థ నుంచిగానీ చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం. మనసులోని భారం ఒక్కసారిగా ఎగిరిపోయినా బ్లో అనే అంటారు.

ఈ-మీటర్ ఏం కొలుస్తుంది?

చర్మం విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో కొలుస్తుంది. రెండు లోహపు డబ్బాలను రెండు చేతుల్లో పట్టుకుంటారు. చాలా స్వల్పమైన విద్యుత్తు ఒంట్లోంచి ప్రవహిస్తుంది. లోపల ఉన్నది వీట్‌స్టోన్ బ్రిడ్జ్ అనే పాత తరహా సర్క్యూట్. 1950ల మొదట్లో వోల్నీ మాథిసన్ తయారుచేసిన పరికరం దీనికి మూలం. 'టోన్ ఆర్మ్' అనే మీటను తిప్పి సూదిని గడిలో నిలుపుతారు. ఆ మీట 2 మీద ఉంటే 5,000 ఓమ్‌లు, 3 మీద ఉంటే 12,500 ఓమ్‌లు.

ఉద్వేగం కలిగితే చెమట గ్రంథులు స్పందిస్తాయి, చర్మపు నిరోధం మారుతుంది. ఇది 19వ శతాబ్దం చివరికే తెలిసిన విషయం. చర్చి చెప్పేది వేరు: మనసులోని చిత్రాలకు ద్రవ్యరాశి ఉంటుందనీ, సూది దాన్ని పట్టుకుంటుందనీ. 1963 జనవరి 4న అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అధికారులు వాషింగ్టన్‌లోని సైంటాలజీ చర్చి మీద దాడి చేసి వందకు పైగా మీటర్లు పట్టుకుపోయారు. 1971లో న్యాయమూర్తి గెర్హార్డ్ గెసెల్ ఇచ్చిన తీర్పు మధ్యేమార్గం. మతపరమైన కౌన్సెలింగ్‌లో వాడుకోవచ్చు, కానీ రోగ నిర్ధారణకో చికిత్సకో ఇది పనికిరాదని మీటరు మీద రాసి ఉండాలి. చర్చి కూడా ఇప్పుడు మీటరు తనంతట తాను ఏమీ చేయదనే చెబుతుంది.

'మీ సూది తేలుతోంది' అంటే?

ఫ్లోటింగ్ నీడిల్, పొట్టిగా 'ఎఫ్ఎన్'. సూది ఒడిదుడుకులు లేకుండా నింపాదిగా అటూ ఇటూ ఊగడం. కాగ్నిషన్ వచ్చి, మొహం వికసించి, సూది తేలితే ఆ ప్రక్రియ ముగిసిందని లెక్క. మీటరు ఏం చూపిందో ఆడిటర్ మామూలుగా చెప్పరు, ఈ ఒక్క సంగతి మాత్రం పైకి చెబుతారు. ఈ ప్రకటన కోసం ప్రీక్లియర్ ఎదురుచూడటం సహజం. మనసు తేలికైందా లేదా అన్నది తనకన్నా ముందు సూదికి తెలుస్తుందని నమ్మడం అలవాటైపోతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలో అన్నిటికన్నా బలమైన మాట ఇదే.

ఏది నిజమైన ఎఫ్ఎన్ అనే దాని మీద సైంటాలజిస్టుల్లోనే తగవు ఉంది. 1996లో 'గోల్డెన్ ఏజ్ ఆఫ్ టెక్' పేరుతో శిక్షణను మార్చినప్పుడు, సూది మూడుసార్లు ఊగితేనే లెక్క అన్న పట్టింపు వచ్చిందని పాత ఆడిటర్లు మండిపడతారు. బయటివారికి ఇది వెంట్రుకలు చీల్చడంలా తోచవచ్చు. సెషన్ ముగుస్తుందా, ఇంకో గంట సాగుతుందా అన్నది దాని మీదే ఆధారపడుతుంది మరి.

విత్‌హోల్డ్, ఓవర్ట్ అనే మాటలకు అంత ప్రాధాన్యం ఎందుకు?

ఓవర్ట్ అంటే చేసిన చెడ్డపని. దాన్ని చెప్పకుండా దాచడం విత్‌హోల్డ్. ఎదుటివారికి తెలిసిపోయిందా లేదా అని తేల్చుకోలేని స్థితి 'మిస్‌డ్ విత్‌హోల్డ్'. ప్రీక్లియర్ విసుక్కుంటున్నా, ఆడిటర్‌నో సంస్థనో తప్పుబడుతున్నా, లేచి వెళ్లిపోతానన్నా ముందుగా వెతికేది దీన్నే. దాచినది చెబితే అసహనం చల్లారుతుందని నమ్మకం. కొన్నిసార్లు చల్లారుతుంది కూడా.

చిక్కు ఎక్కడంటే, ఫిర్యాదులో పస ఉన్నా అదే ప్రశ్న ఎదురవుతుంది. 'మీ ఫీజులు ఎక్కువ' అన్నవారిని 'మీరేం దాచారు?' అని అడిగితే మాట ఫీజుల నుంచి మనిషి మీదికి మళ్లిపోతుంది. విమర్శకుల గతంలో నేరాలుంటాయని హబ్బర్డ్ 1960లలో రాసిపెట్టాడు కూడా. వినడానికి అంత పకడ్బందీ కసరత్తు తయారుచేసిన పద్ధతి, తన గురించి తాను వినలేకపోయింది ఇక్కడే.

1960ల తొలినాళ్లలో ముందే అచ్చువేసిన ప్రశ్నల జాబితాలతో 'సెక్యూరిటీ చెక్'లు మొదలయ్యాయి. తర్వాత వాటికి 'కన్ఫెషనల్' అన్న పేరు వచ్చింది. ఈ-మీటర్ అదే, కుర్చీలు అవే. కానీ సంస్థ విచారణ కోసం చేసేటప్పుడు 'నేను మిమ్మల్ని ఆడిట్ చేయడం లేదు' అని ముందే చెబుతారు. ఆ ఒక్క వాక్యంతో రహస్యం కాపాడే హామీ తొలగిపోతుంది. కాబట్టి ఆ వాక్యం వినిపించిందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

చెప్పినవన్నీ రహస్యంగా ఉంటాయా?

మత గురువుకు చెప్పుకున్న మాటలంత పవిత్రమని చర్చి చెబుతుంది. ఆడిటర్ మాట్లాడుతూనే సమయం, టోన్ ఆర్మ్ అంకె, సూది కదలిక, ప్రీక్లియర్ మాటలు పొట్టి అక్షరాల్లో రాస్తుంటారు. ఇవన్నీ 'పీసీ ఫోల్డర్'లోకి చేరతాయి. ఆ ఫోల్డర్ సంస్థదే, ప్రీక్లియర్‌కు ఇవ్వరు. ఏళ్ల తరబడి సాగినవారి ఫోల్డర్లు బీరువాలు నిండుతాయి.

ఆచరణలో హామీకి తూట్లు పడిన దాఖలాలున్నాయి. 1969 డిసెంబరులో చర్చి నిఘా విభాగమైన 'గార్డియన్స్ ఆఫీస్' జారీచేసిన ఒక అంతర్గత ఆదేశం, భద్రతా ప్రయోజనాల కోసం ఈ ఫోల్డర్లను గాలించమంది. 1977 జులైలో చర్చి కార్యాలయాల్లో ఎఫ్‌బీఐ సోదాల తర్వాత బయటపడ్డ వ్యవహారాల్లో ఇదీ ఒకటి. మాజీ సభ్యుడు లారెన్స్ వోలర్‌షీమ్ కేసులో కూడా ఆడిటింగ్‌లో చెప్పిన రహస్యాల దుర్వినియోగం ఒక ఆరోపణ. 1986లో కాలిఫోర్నియా జ్యూరీ 3 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. పై కోర్టు దాన్ని 25 లక్షలకు తగ్గించింది. చివరికి వడ్డీతో కలిపి 2002లో చర్చి 86 లక్షల డాలర్లకు పైగా చెల్లించింది.

ఇది హిప్నాటిజమా?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం నియమించిన విచారణలో కెవిన్ ఆండర్సన్ 1965లో ఇచ్చిన నివేదిక అవుననే తేల్చింది. ఆ నివేదిక భాష చాలా ఘాటైనది. దాని ఆధారంగా అక్కడ నిషేధమూ వచ్చింది, తర్వాత తొలగిపోయింది. 1983లో ఆస్ట్రేలియా హైకోర్టు సైంటాలజీని మతంగా గుర్తించింది. చర్చి హిప్నాటిజం అన్న మాటను గట్టిగా ఖండిస్తుంది, ప్రీక్లియర్ పూర్తి మెలకువలో ఉంటారంటుంది. నిజానికి మెలకువ, మగత అనే గీత గీసి తేల్చగలిగే సంగతి కాదిది. ఒకే ఆజ్ఞను వందలసార్లు వినడం, 'ఆ గోడను చూడండి, అక్కడికి నడవండి, దాన్ని తాకండి, వెనక్కి తిరగండి' అని గంటల తరబడి చేయడం, మధ్య మధ్య 'ధన్యవాదాలు' వినడం. 'ఆబ్జెక్టివ్స్' అనే ప్రక్రియల్లో జరిగేది ఇదే. పేరేదైనా మనిషిని అది మెత్తబరుస్తుంది.

మానసిక వైద్యులు చేసే కౌన్సెలింగ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

పాత జ్ఞాపకాన్ని తవ్వి చెప్పించి భారం దించడం హబ్బర్డ్ కనిపెట్టింది కాదు. వియన్నా వైద్యులు బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లోనే రాశారు. తేడాలు వేరేచోట ఉన్నాయి. చికిత్సకుడికి లైసెన్సు, బాధ్యత, తన పైన నియంత్రణ మండలి ఉంటాయి. ఆడిటర్‌కు సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. మనోవైద్యం మీద సైంటాలజీకి బద్ధ వైరం కాబట్టి, తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారిని వైద్యుల దగ్గరికి పంపుతారన్న భరోసా పెట్టుకోకూడదు. అలాంటివారికి ఆడిటింగ్ వైద్యం కాదు.

డబ్బు సంగతి?

'ఫిక్స్‌డ్ డొనేషన్' అంటారు. ఆడిటింగ్‌ను పన్నెండున్నర గంటల కట్టలుగా, 'ఇంటెన్సివ్' పేరుతో అమ్ముతారు. 1972లో అలాంటి ఒక కట్ట ధర 625 డాలర్లు, వంద గంటలకు 4,250 డాలర్లు అని అమెరికా సుప్రీంకోర్టు 1989 నాటి హెర్నాండెజ్ తీర్పులో నమోదు చేసింది. ఆ డబ్బు విరాళంగా పన్ను మినహాయింపుకు రాదని కూడా తేల్చింది. అయినా 1993లో అమెరికా పన్నుల శాఖ చర్చికి మత సంస్థ హోదా ఇచ్చింది.

ఆడిటర్ లేకుండా ఒక్కరే సెషన్ చేసుకుంటారా?

పై మెట్లలో చేసుకుంటారు. దాన్ని 'సోలో' అంటారు. రెండు డబ్బాలనూ ఒకే చేతిలో ఇమిడ్చి పట్టుకుని, మరో చేత్తో మీట తిప్పుతూ, రాసుకుంటూ. ప్రశ్న వేసేదీ తనే, జవాబు చెప్పేదీ తనే, విన్నట్టు తెలిపేదీ తనే. ఫోల్డర్ మాత్రం సీఎస్ దగ్గరికే వెళుతుంది.

చర్చి బయట ఈ పద్ధతులు ఎక్కడైనా కనిపిస్తాయా?

కనిపిస్తాయి. మాదకద్రవ్యాల నుంచి విముక్తి పేరుతో 1966లో అరిజోనా జైలులో మొదలైన 'నార్కోనాన్' కార్యక్రమంలో టీఆర్‌లు, ఆబ్జెక్టివ్స్ ఉంటాయి. కొత్తగా చేరేవారికి అవి సైంటాలజీ కోర్సులోవని తెలియకపోవచ్చు. 1980ల మొదట్లో చర్చి నుంచి విడిపోయినవారు 'ఫ్రీ జోన్' పేరుతో స్వతంత్రంగా ఆడిటింగ్ చేస్తున్నారు. వారికి హబ్బర్డ్ మాట మీద గురి ఉంది, సంస్థ మీద లేదు. అమెరికా మనోవైద్యుడు ఫ్రాంక్ గెర్బోడ్ కూడా ఆ దారిలోంచే వచ్చి, గాయపరిచిన సంఘటనలను మళ్లీ మళ్లీ చూసుకునే ఒక పద్ధతిని రూపొందించాడు. అందులో ఆడిటర్‌ను ఫెసిలిటేటర్ అనీ, ప్రీక్లియర్‌ను వ్యూయర్ అనీ పిలుస్తారు. అభిప్రాయం చెప్పకూడదన్న నియమం, చెప్పినదాన్ని విన్నట్టు తెలపడం, తేలిక పడ్డాకే ఆపడం యథాతథంగా ఉన్నాయి.